సైకిల్ రిమ్ములోంచి రాకెట్లు: చెరువు గట్టు డైరీ

జనవరి 12

ఇవాళ్టి నుంచి రాసిపెట్టుకుందామని మొదలుపెడుతున్నాను. మేత లెక్కల రిజిస్టర్‌లో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాటిలోనే.

మా రొయ్యల చెరువులు చినగంజాం దగ్గర, ఉప్పు కొటార్లు దాటి సముద్రం వైపు పోతే వస్తాయి. సాయంత్రం మేత వేసి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆన్ చేసేటప్పుడు, మళ్లీ తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ చూసేటప్పుడు నేను గట్టు మీదే ఉంటాను. మా మేనకోడలు తొమ్మిదో తరగతి. సాయంత్రాలు క్యారియర్ పట్టుకుని వచ్చి కాసేపు ఉండి పోతుంది. నిన్న గట్టు మీద కూర్చుని, "మావయ్యా, ఆ చుక్క నడుస్తోంది" అంది. విమానం అనుకున్నాను. విమానమైతే ఎర్ర దీపం, పచ్చ దీపం ఉంటాయి, టపటపా కొట్టుకునే తెల్ల దీపం ఉంటుంది, కాసేపటికి చప్పుడైనా వినబడుతుంది. దీనికి అవేమీ లేవు. నికరంగా, ఒకే వెలుగుతో, ఉత్తరం నుంచి దక్షిణానికి పోయింది. సగం దూరం పోయాక మబ్బులేని ఆకాశంలో ఆరిపోయింది.

ఇన్నేళ్లుగా ఇదే గట్టు మీద రాత్రులు గడిపాను. ఒక్కసారి కూడా చూడలేదు. ఈ పంట అయ్యేదాకా ఈ నడిచే చుక్కలను, అంటే భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలను, చూసి, రాసి, వీలైతే కొలవాలి.

జనవరి 15

కొలవడానికి మొదటి పరికరం తయారైంది. స్కూలు కోణమానినికి బాల్‌పెన్ గొట్టం అతికించాను, మధ్యలో దారం కట్టి దాని చివర నట్టు వేలాడదీశాను. గొట్టంలోంచి చుక్కను చూస్తే దారం ఎత్తు చెబుతుంది. సరిగ్గా చెబుతోందో లేదో తెలుసుకోవడానికి మంచి దారి ఒకటుంది. ధ్రువ నక్షత్రం మన ఊరి అక్షాంశం ఎంతో దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. మూడుసార్లు చూస్తే 15, 17, 16 డిగ్రీలు వచ్చాయి. మా చెరువుల అక్షాంశం 15.7. చాలు.

పరుగెత్తే చుక్కకు దీన్ని గురిపెట్టడం కష్టం. అందుకు చెయ్యే నయం. చెయ్యి బారుగా చాపి పిడికిలి పడితే పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు.

జనవరి 17

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కనబడింది!

ఉపగ్రహాలు ఎప్పుడు ఎక్కడ కనబడతాయో చెప్పే హెవెన్స్ అబవ్ సైటులో మా చెరువు ఉన్న చోటు పెడితే సాయంత్రం 7 దాటాక వస్తుందని చూపింది. మోటారు షెడ్డు బల్బు ఆపేశాను. మేనకోడలు నైరుతి వైపు నిలబడింది, నేను ఆకాశం మొత్తం చూస్తున్నాను. తాటిచెట్ల మీద నుంచి లేచింది. మొదట మామూలు చుక్క, పైకొచ్చేకొద్దీ ఆకాశంలో దాన్ని మించిన చుక్క లేదు. నీళ్ల మీద దాని నీడలాంటి మెరుపు కూడా కదిలింది, ఏరేటర్ తిరగని మూల చెరువులో. ఈశాన్యంలో బ్రహ్మహృదయం నక్షత్రం దాకా పోతూ, అక్కడికి చేరకముందే కొంచెం ఎర్రబడి మూడు నాలుగు సెకన్లలో పోయింది.

అందులో మనుషులున్నారని చెబితే మేనకోడలు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

దాని మొదటి భాగం జార్యా 1998 నవంబరు 20న పైకి వెళ్లింది. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు 109 మీటర్లు. మా చిన్న చెరువు పొడవు కంటే ఎక్కువ. 420 కిలోమీటర్ల దగ్గర్లో, సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇక్కడి నుంచి ఒంగోలు చేరడానికి దానికి నాలుగైదు సెకన్లు చాలు.

జనవరి 21

ఆరిపోవడం గురించి. వీటికి సొంత దీపం లేదు. మనకు పొద్దుగుంకినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండే మనం చూసేది. భూమి నీడలోకి పోగానే చీకటి. అంటే రాత్రంతా చూసినా లాభం లేదు. మసకపడ్డాక కాసేపు, తెల్లవారేముందు కాసేపు, అంతే. నా మేత వేళలూ అవే కావడం నా అదృష్టం.

ఎంతసేపు అన్నది కూడా లెక్క కట్టాను. భూమి వ్యాసార్ధం 6378 కిలోమీటర్లు. 400 కిలోమీటర్ల ఎత్తున నడినెత్తి మీద ఉన్న వస్తువుకు ఎండ తగలాలంటే సూర్యుడు మనకు దిగంతం కింద దాదాపు 20 డిగ్రీల లోపు ఉండాలి. 840 కిలోమీటర్ల ఎత్తున ఉంటే 28 డిగ్రీల దాకా ఫరవాలేదు. మన వైపు సూర్యుడు నిటారుగా దిగిపోతాడు, గంటకు 14 డిగ్రీల చొప్పున. కాబట్టి కింద తిరిగేవి పొద్దుగుంకాక గంటా ఇరవై అయిదు నిమిషాలకే నడినెత్తిన ఆరిపోతాయి, పైన తిరిగేవి రెండు గంటల దాకా కనబడతాయి. కొన్నాళ్లుగా రాసుకున్న వాటిని ఈ లెక్కతో పోల్చాను. 7:50 తర్వాత కనబడినవన్నీ నెమ్మదిగా పోయేవే. ఎత్తున ఉన్నవన్నమాట.

జనవరి 29

ఇవాళ ఒకటి కొట్టుకుంటూ పోయింది. వెలుగుతుంది, తగ్గిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. విమానం దీపంలా టక్కున కాదు, ఎవరో ఊపిరి పీల్చి వదిలినట్టు. ఫోన్ స్టాప్‌వాచ్‌తో పది వెలుగుల మధ్య కాలం పట్టాను: 62 సెకన్లు. ఒక్కోదానికి 6.2.

యాప్‌లో వెతికితే పేరు ఎస్‌ఎల్-8, పక్కన ఆర్/బి అని ఉంది. ఆర్/బి అంటే రాకెట్ బాడీ. ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలేశాక రాకెట్ చివరి భాగం కూడా అదే దారిలో ఉండిపోతుంది. ఇంధనం అయిపోయిన ఖాళీ పీపా. దాన్ని నిలకడగా పట్టి ఉంచేది ఏదీ లేదు గనక పల్టీలు కొడుతూ పోతుంది. పీపా అడ్డంగా తిరిగినప్పుడు ఎండ ఎక్కువ మేర పడి మనకు వెలుగు, నిలువుగా తిరిగినప్పుడు మసక. ఒక పల్టీలో రెండుసార్లు అడ్డంగా వస్తుంది కాబట్టి ఇది దాదాపు 12 సెకన్లకు ఒక పల్టీ కొడుతోంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ పల్టీలు నెమ్మదిస్తాయట. భూమి అయస్కాంత క్షేత్రంలో లోహం తిరిగితే దానిలో సుడి విద్యుత్తు పుడుతుంది, అది బ్రేకులా పనిచేస్తుంది. డిప్లొమాలో చదువుకున్న ఎడ్డీ కరెంటు పాఠం ఆకాశంలో కనబడుతుందని ఎవరూ చెప్పలేదు.

ఎస్‌ఎల్ అంటే సోవియట్ లాంచర్. అమెరికా వాళ్లు తమ జాబితాలో రష్యా రాకెట్లకు పెట్టుకున్న నంబర్లు ఇవి. ఎస్‌ఎల్-8 అసలు పేరు కాస్మోస్-3ఎం. ఇది చదివి కాసేపు ఆగిపోయాను. 1975 ఏప్రిల్ 19న రష్యాలోని కపూస్తిన్ యార్ నుంచి మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను పైకి తీసుకెళ్లింది ఈ రకం రాకెట్టే. పాత రెండు రూపాయల నోటు వెనక బొమ్మ ఉండేది, ఆ ఆర్యభట్ట. ఇవాళ నేను చూసిన పీపా ఆ రోజుది కాదు, కానీ అదే అచ్చులో పోసింది.

పెదనాన్నకు చెబితే ఒకటే ప్రశ్న వేశాడు. "అదీ పడిద్దా? ఎప్పుడు పడిద్ది?"

ఆయన ఆ ప్రశ్న ఎందుకు వేశాడో నాకు తెలుసు. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని రాష్ట్రమంతా అల్లాడిపోయిన రోజుల్లో ఆయనకు ఇరవై ఏళ్లు. "పొలం పనులకు ఎవరూ పోలేదురా. ఎటూ చచ్చేదే గదా, తిని చద్దామని ఊళ్లో కోళ్లన్నీ కోసేశారు. మా అమ్మ పిల్లలందర్నీ నట్టింట్లో కూర్చోబెట్టి తలుపులేసింది. రాత్రంతా రేడియో ముందే కూర్చున్నాం." 77 టన్నుల స్కైలాబ్ జులై 11న హిందూ మహాసముద్రం మీదుగా ముక్కలై పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ చుట్టుపక్కల పడింది. అక్కడ కూడా ఎవరికీ ఏమీ కాలేదు.

ఎప్పుడు పడుతుంది అన్నదానికి జవాబు ఎత్తులో ఉంది. ఎంత కిందికి ఉంటే అంత గాలి రాపిడి. యాప్ ఎత్తు చెబుతుంది, నిజమే. కానీ పెదనాన్నకు యాప్ చూపించి నమ్మమనడం నాకు నచ్చలేదు. నేను కొలిచి చెప్పాలి.

ఫిబ్రవరి 4

ఆలోచన కుదిరింది. కిందున్నవి గబగబా, పైనున్నవి నెమ్మదిగా పోతాయని కంటికే తెలుస్తోంది. వాటి నిజమైన వేగంలో తేడా కొంచెమే, సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల అటూ ఇటూ. కాబట్టి నడినెత్తిన ఒక లెక్కగల కోణాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందో చూస్తే ఎత్తు తేలిపోతుంది.

ఆ కోణాన్ని ఆకాశంలో గీయడం ఎలా? మొదట రెండు గెడల మధ్య రెండు నైలాన్ తాళ్లు కట్టాను. కానీ ఉపగ్రహాలు ఒకటి ఉత్తరం నుంచి, ఒకటి నైరుతి నుంచి వస్తాయి. ప్రతిదానికీ తాళ్లు తిప్పి కట్టాలి. షెడ్డు వెనక పెదనాన్న పాత సైకిల్ రిమ్ము పడుంది. గుండ్రటిదానికి ఏ దిక్కైనా ఒకటే!

రిమ్ము లోపలి వ్యాసం టేపుతో కొలిస్తే 62 సెంటీమీటర్లు. అది కంటికి 20 డిగ్రీలుగా కనబడాలంటే కంటికి 1.76 మీటర్ల ఎత్తున ఉండాలి. మూడు వెదురు గెడలు ముక్కాలి పీటలా కట్టి, మధ్యలో రిమ్మును పడుకోబెట్టినట్టు వేలాడదీశాను. కింద నులక మంచం. రిమ్ముకు అడ్డంగా రెండు తెల్ల దారాలు కట్టాను, మధ్యలో కలిసేట్టు. దారాలు కలిసిన చోటు నుంచి గుండు వేలాడదీసి, అది సరిగ్గా కళ్ల మధ్యకు వచ్చేట్టు పడుకోవాలి.

ఇక లెక్క. 20 డిగ్రీలంటే, అంత ఎత్తులో వస్తువు నడిచే దూరం ఎత్తులో 0.353 వంతు. వేగం సగటున 7.4 అనుకుంటే, ఎత్తు అంటే సెకన్లను 7.4తో గుణించి 0.353తో భాగించడం. 7.4ను 0.353తో భాగిస్తే దాదాపు 21.

అంటే రిమ్ము దాటడానికి పట్టిన సెకన్లను 21తో గుణిస్తే ఎత్తు కిలోమీటర్లలో వస్తుంది. ఈ వాక్యం రిజిస్టర్‌లో రాసి చుట్టూ గీత గీశాను. ఒక తుక్కు రిమ్ము, ఒక ఎక్కం, అంతే కావలసింది!

ఫిబ్రవరి 7

పని చేయలేదు. సముద్రం గాలికి రిమ్ము ఊగుతోంది. రెండు చుక్కలు లోపలికి వచ్చాయి గానీ అంచు ఎప్పుడు దాటాయో చెప్పలేను. మూడు గెడలకూ రిమ్మును విడివిడిగా తాళ్లతో బిగించాను.

ఇంకో తప్పు కూడా దొరికింది. తలకింద దిండు పెట్టుకుంటే కన్ను ఆరు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. 1.76లో ఆరు సెంటీమీటర్లంటే మూడు శాతం పైనే, 400 కిలోమీటర్ల మీద పదమూడు పద్నాలుగు కిలోమీటర్ల తేడా. దిండు తీసేశాను. మంచం కోళ్లు నేలలో దిగకుండా కింద ఇటుకలు పెట్టాను.

ఫిబ్రవరి 10

చేప వల నూలు దారాలు మంచుకు తడిసి జారిపోయాయి. నైలాన్ వేశాను. రిమ్ము లోపలి అంచుకు తెల్ల పెయింటు కూడా. చీకట్లో అంచు కనబడాలి, కళ్లు చెదరకూడదు. దానికి నక్షత్రాల వెలుగే సరిపోతోంది.

ఫిబ్రవరి 14

తెల్లవారుజాము 5:25. అంతరిక్ష కేంద్రం మళ్లీ వచ్చింది, ఈసారి పొద్దున్న పూట.

దీనికో పద్ధతుంది. ఒక వారం పది రోజులు సాయంత్రాలు కనబడి మాయమవుతుంది, తర్వాత తెల్లవారుజాముల్లో తేలుతుంది. దాని కక్ష్య మొత్తం రోజుకు 5 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుతూ ఉంటుంది. భూమి గుండ్రంగా కాక నడుం దగ్గర ఉబ్బి ఉండటమే అందుకు కారణం.

నాలుగింటికి ఆక్సిజన్ చూసి, రెండో చెరువు ఏరేటర్ ఒకటి మొరాయిస్తే సరిచేసి, 5:15కి మంచం మీద పడుకున్నాను. స్వాతి నక్షత్రం రిమ్ములోనే, పడమటి అంచు లోపల ఉంది. పొద్దున్న పూట ఇవి దిగంతం నుంచి లేవవు. నీడలో చీకటిగా వచ్చి, ఎండలోకి అడుగుపెట్టినప్పుడు నడి ఆకాశంలోనే వెలుగుతాయి. పడమట సగం ఎత్తులో ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు తేలింది. గుండె దడదడలాడింది. రిమ్ము అంచు తాకింది, నొక్కాను. దారాలు కలిసే చోటికి బొటనవేలి వెడల్పు పక్కనుంచి పోయింది. అవతలి అంచు, నొక్కాను.

20.1 సెకన్లు.

ఇరవై ఒకటి ఇరవైలు 420. ఇంకో రెండు. 422 కిలోమీటర్లు.

మంచం మీదే కాసేపు పడుకుండిపోయాను. సైకిల్ రిమ్ముతో అంతరిక్ష కేంద్రం ఎత్తు కొలిచాను. యాప్ చూపిన దానికి నాలుగు కిలోమీటర్ల తేడా. బొటనవేలు నొక్కడంలో 0.2 సెకను ఆలస్యమైతేనే నాలుగు కిలోమీటర్లు పోతాయి, అంతకంటే మెరుగు ఆశించకూడదు.

పెదనాన్న టీ తెచ్చాడు. చెప్పాను. "స్కైలాబ్ కూడా దాదాపు ఈ ఎత్తులోనే తిరిగేది పెదనాన్నా. 435 కిలోమీటర్లు. ఈ రిమ్ము దాటడానికి దానికీ 21 సెకన్ల లోపే పట్టేది." మరి అది పడితే ఇది ఎందుకు పడట్లేదని అడిగాడు. ఇదీ దిగుతూనే ఉంటుంది. మధ్యమధ్య ఇంజన్లు మండించి పైకి నెడుతుంటారు. స్కైలాబ్‌లో చివరి మనుషులు 1974లో దిగిపోయారు. దాన్ని పైకి నెట్టడానికి స్పేస్ షటిల్ పంపాలనుకున్నారు, షటిల్ తయారయ్యేలోపు సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికంటే పెరిగింది. పై గాలి వేడెక్కి ఉబ్బింది, రాపిడి పెరిగింది, స్కైలాబ్ ముందే దిగిపోయింది. ఆయన అంతా విని, "ఈ మాట అప్పుడు ఎవరన్నా మాకు సరిగ్గా చెప్పుంటే బాగుండేది" అన్నాడు.

ఫిబ్రవరి 20

నాలుగు రోజులుగా చెరువు దగ్గర నెట్ లేదు. పాత వివరాలతోనే యాప్ టైము చెప్పింది. అంతరిక్ష కేంద్రం 50 సెకన్లు ఆలస్యంగా వచ్చింది. రాదేమోనని టెన్షన్ పడ్డాను.

ఈ యాప్‌లన్నిటికీ ఆధారం రెండు వరుసల అంకెలు. ఒక్కో వరుసలో 69 అక్షరాలు: కక్ష్య వాలు (భూమధ్యరేఖతో చేసే కోణం) ఎంత, రోజుకు ఎన్ని చుట్లు, ఏ రోజు ఏ క్షణాన ఎక్కడుంది. టి.ఎస్. కెల్సో నడిపే సెలెస్‌ట్రాక్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఈ అంకెలు పాతబడతాయి. మధ్యలో ఇంజన్ మండించి పైకి నెట్టి ఉంటారని నా ఊహ. పైకెక్కితే చుట్టు పెద్దదవుతుంది, వేగం తగ్గుతుంది, అందుకే ఆలస్యం. ముందుకు తోస్తే వెనకబడటం నాకు విచిత్రంగా ఉంది, కాగితం మీద వేసుకున్నాక గానీ నమ్మకం కుదరలేదు.

సాయంత్రం ఊళ్లో నలుగురైదుగురు చుక్కల రైలు చూశామని చెప్పుకుంటున్నారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు. కొత్తగా వదిలినప్పుడు కొన్ని రోజులు అలా వరసగా పోతాయి. 2019 మే 24న మొదటి 60 వెళ్లిన దగ్గర నుంచి ఇది మామూలైపోయింది.

ఫిబ్రవరి 27

ఈ డైరీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు ఇదే.

ఎస్‌ఎల్-16. అసలు పేరు జెనిట్-2, సోవియట్ కాలంలో ఉక్రెయిన్‌లోని ద్నీప్రోలో తయారయ్యేది. దాని రెండో దశ దాదాపు 9 టన్నులు, వ్యాసం 3.9 మీటర్లు. సోవియట్ నిఘా ఉపగ్రహాలను మోసుకెళ్లిన ఇలాంటి పీపాలు ఇరవై దాకా 840 కిలోమీటర్ల చుట్టుపక్కల తిరుగుతున్నాయి. అంత దూరంలో ఉండి కూడా మామూలు కంటికి హాయిగా కనబడతాయి, అంత పెద్దవి.

సాయంత్రం 7:15. మేత వేయడం మేనకోడలి తండ్రికి అప్పజెప్పి పడుకున్నాను. బ్రహ్మహృదయం పక్కనుంచి దిగింది. తొందర లేదు. అంతరిక్ష కేంద్రాన్ని చూసిన కళ్లకు ఇది ఎడ్లబండి. రిమ్ము అంచు దాటింది, నొక్కాను. దారాలు కలిసిన చోటు మీదుగానే పోయింది. ఆర్ద్ర నక్షత్రం వైపు సాగింది. ఇంకా రిమ్ములోనే. ఇంకా. రెప్ప వేయడానికి భయం. అవతలి అంచు.

40.4 సెకన్లు. 848 కిలోమీటర్లు.

అంతరిక్ష కేంద్రానికి సరిగ్గా రెట్టింపు సమయం, రెట్టింపు ఎత్తు. అది మృగవ్యాధుడి పక్కనుంచి దక్షిణానికి దిగిపోయేదాకా మంచం మీద లేచి కూర్చుని చూశాను.

ఇది ఎప్పుడు పడుతుంది పెదనాన్నా అంటే, మనం ఎవరం చూడం. అంత ఎత్తులో గాలి దాదాపు లేదు. వందల ఏళ్లు అలాగే తిరుగుతుంది. పెదనాన్న స్థిమితపడ్డాడు. నాకు మాత్రం ఇది పెద్ద దిగులు. పడేదానికంటే పడనిదే ప్రమాదం. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా పైన దాదాపు ఈ ఎత్తులోనే, 790 కిలోమీటర్ల దగ్గర, పనిచేస్తున్న ఇరిడియం-33 ఉపగ్రహాన్ని పాడైపోయిన కాస్మోస్-2251 గుద్దింది. రెండూ వేల ముక్కలయ్యాయి. 9 టన్నుల పీపాలు రెండు అలా గుద్దుకుంటే? వాటికి స్టీరింగ్ లేదు, బ్రేకు లేదు. తప్పుకోమని చెప్పడానికి వాటిలో వినే యంత్రం ఏదీ ప్రాణంతో లేదు. ఇంత అందంగా, ఇంత నిదానంగా నా రిమ్ములోంచి పోయిన వస్తువు గురించి ఇలా రాయాల్సి వస్తోంది.

మార్చి 6

పన్నెండు రోజుల్లో రిమ్ము మధ్యనుంచి పోయినవి మూడే. ఎక్కువ భాగం పక్కల నుంచే పోతాయి, అవి లెక్కకు పనికిరావు. పౌర్ణమికి అటూ ఇటూ మసకవి కనబడలేదు. రెండు రాత్రులు కరెంటు పోయి జనరేటర్ కూడా మొండికేసింది, ఆకాశం వైపు తలెత్తలేదు. రొయ్యలు నిలిచాయి.

మార్చి 12

భూమి చుట్టూ తిరిగే హబుల్ టెలిస్కోప్. ఇది మన వైపు వాళ్ల భాగ్యం. దాని కక్ష్య వాలు 28.5 డిగ్రీలే కాబట్టి భూమధ్యరేఖకు దగ్గరగానే తిరుగుతుంది. లండన్‌లో ఉన్నవాళ్లకు అది దిగంతం పైకే రాదు. మనకు నడినెత్తిన పోతుంది. 1990 ఏప్రిల్ 24 నుంచి అక్కడుంది.

పడమర నుంచి తూర్పుకు నిండుగా పోయింది. లెక్క వేస్తే యాప్ చెప్పిన ఎత్తు కంటే 18 కిలోమీటర్లు ఎక్కువ వచ్చింది. మళ్లీ కొలతలన్నీ చూశాను, రిమ్ము సరిగ్గానే ఉంది, కంటి ఎత్తు సరిగ్గానే ఉంది. రాత్రంతా బుర్రలో తిరిగి, పొద్దున రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తుతుంటే తట్టింది. నేను పడుకున్న మంచం కూడా తూర్పుకు పోతోంది! భూమి తిరగడం వల్ల మన అక్షాంశంలో నేల సెకనుకు 0.45 కిలోమీటర్ల చొప్పున తూర్పుకు కదులుతుంది. తూర్పుకు పోయే హబుల్‌ను నేను వెంబడిస్తున్నట్టే, అందుకే అది నాకు నెమ్మదిగా కనబడింది. నెమ్మదిగా ఉంటే నా లెక్క ఎత్తు పెంచి చూపుతుంది.

సరిచేశాను. హబుల్‌కు 21 బదులు 20.3. ఉత్తర దక్షిణాలుగా, కాస్త పడమరకు వాలి పోయేవాటికి 21.5. అంతరిక్ష కేంద్రానికి 20.9 దాకా వస్తుంది, పెద్ద తేడా లేదు. ఎస్‌ఎల్-16కు 20.6 వేస్తే 848 కాస్తా 832 అవుతుంది. పాత పేజీలో కొట్టేయకుండా పక్కన రాశాను.

సైకిల్ రిమ్ములో భూభ్రమణం పట్టుబడింది. మేనకోడలికి చెబితే ముందు నమ్మలేదు, తర్వాత తనే కాగితం మీద బాణాలు గీసి ఒప్పుకుంది.

మార్చి 22

మొదటి రోజు నుంచి ఒకటి చూడాలని ఉంది. మనది. శ్రీహరికోట ఇక్కడికి దక్షిణాన రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ, అంటే చివరి భాగం. చిన్నది కావడంతో మసకగా ఉంటుంది. జనవరి నుంచి ఆరుసార్లు ప్రయత్నించాను, నా కంటికి ఒక్కసారీ దొరకలేదు.

మన వాళ్లు ఈ నాలుగో దశల విషయంలో చేస్తున్నది ఈ మధ్య చదివాను. 2017 ఫిబ్రవరి 15న 104 ఉపగ్రహాలను మోసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ37 రాకెట్ చివరి దశను 470, 494 కిలోమీటర్ల మధ్య కక్ష్యలో ఉంచారు. అది తనంతట తాను దిగి 2024 అక్టోబరు 6న అట్లాంటిక్ మీద కాలిపోయింది. ఏడున్నరేళ్లు పైన. 2024 జనవరి 1న వెళ్లిన సీ58 చివరి దశను పని అయ్యాక 650 కిలోమీటర్ల నుంచి 350కి దించారు. పోయెమ్ అని పేరు పెట్టి అందులో ప్రయోగాలు నడిపారు, మార్చి 21కల్లా సముద్రంలోకి వచ్చేసింది. మూడు నెలలు కూడా కాలేదు. నా రిమ్ము భాషలో చెప్పాలంటే, 23 సెకన్లది ఏడేళ్లు, 17 సెకన్లది మూడు నెలలు, 40 సెకన్లది వందల ఏళ్లు. 2030కల్లా తన ప్రయోగాల వల్ల పైన చెత్త మిగలకూడదని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం ఎంత అవసరమో ఎస్‌ఎల్-16ను 40 సెకన్లు చూసినవాడిగా నాకు తెలుసు.

ఇవాళ చూడాలనుకున్నది పాత కాలంది, దించకుండా పైనే మిగిలిపోయినది. మేనకోడలిని మంచం మీద పడుకోబెట్టాను. దాని కళ్లు చురుకు. చూపు చీకటికి అలవాటు పడటానికి అరగంట ముందే ఫోన్ పక్కన పెట్టేయించాను. షెడ్డు బల్బు ఆపాం, పక్క చెరువు వాళ్లను అడిగితే వాళ్లూ పది నిమిషాలు ఆపారు. స్టాప్‌వాచ్ నా చేతిలో. మేనకోడలు అరుస్తుంది, నేను నొక్కాలి.

7:09. "వచ్చింది మావయ్యా. చాలా సన్నగా ఉంది. ఉత్తరం వైపు. పోయింది. ఆ, మళ్లీ కనబడింది, కొట్టుకుంటోంది." నేను ఆ వైపే చూస్తున్నాను, నాకేమీ లేదు. పెదనాన్న కూడా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"అంచు దగ్గర. నొక్కు!"

నొక్కాను. ఏరేటర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. మధ్యలో ఒకసారి "ఇప్పుడు బాగా వెలిగింది" అంది. అప్పుడు నాకూ, ఒక్క క్షణం, దారాలు కలిసిన చోటికి కొంచెం కింద, ఆవగింజంత చుక్క కనబడి పోయింది.

"నొక్కు!"

30.2 సెకన్లు. 21.5తో గుణిస్తే 649 కిలోమీటర్లు.

పెదనాన్న దగ్గరకొచ్చి, "ఇది మనదేనా?" అని అడిగాడు. మనదే అన్నాను. "పడిద్దా?" పడుతుంది పెదనాన్నా, కానీ ఏళ్లు పడుతుంది, నీ మనవరాలు పెద్దదయ్యాక. ఆయన మంచం మీద ఉన్న దాని వైపు చూశాడు. అది ఇంకా లేవలేదు, దక్షిణం వైపు తల తిప్పి దాన్ని వెతుకుతూనే ఉంది.

పక్క చెరువులో దీపాలు వెలిగాయి. రిజిస్టర్‌లో టైము, దిక్కు, సెకన్లు అదే రాసింది. చూసినవారు అన్న గడిలో తన పేరు రాసుకుంది, కింద నా పేరు, దాని కింద పెదనాన్నది.